సరిచూసేది ఎవరు? బిట్‌కాయిన్ భద్రతలో ఫుల్ నోడ్ల స్థానం

2015 జులై 4న బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో ఒక చెల్లని బ్లాక్ తయారైంది. డిజిటల్ సంతకాల రూపానికి సంబంధించిన కొత్త నియమం అప్పుడే అమల్లోకి వచ్చింది. వెయ్యి బ్లాకుల్లో 950 ఆ నియమానికి మద్దతు ప్రకటించాకే అది పూర్తిగా అమలైంది. అయినా లావాదేవీలను బ్లాకులుగా పేర్చే మైనర్లలో సాఫ్ట్‌వేర్ మార్చుకోని ఒక చిన్న మైనర్ నియమం తప్పిన బ్లాకును వదిలాడు. అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలైంది. మద్దతు ప్రకటించిన పెద్ద మైనర్లలో కొందరు ఆ బ్లాకును విప్పి చూడకుండానే దాని మీద మరో ఐదు బ్లాకులు పేర్చారు. అప్పట్లో నెట్‌వర్క్ గణన శక్తిలో దాదాపు సగం ఇలా పూర్తిగా సరిచూడకుండానే నడుస్తోంది. తోటి మైనర్లకంటే కొన్ని సెకన్ల ముందు తర్వాతి బ్లాకు పని మొదలుపెట్టాలన్న ఆత్రమే దానికి కారణం.

ఆరు బ్లాకులు పడితే చెల్లింపు ఖాయమైనట్టేనని వాడుకలో ఒక లెక్క ఉంది. ఈ చెల్లని గొలుసు సరిగ్గా ఆ ఆరు బ్లాకుల పొడవూ పెరిగింది. పొడవైన గొలుసునే నమ్మే తేలికపాటి వాలెట్లకు అది నిజమైనదిగానే కనిపించింది. కొత్త నియమం తెలిసిన ఫుల్ నోడ్లు మాత్రం మొదటి చెల్లని బ్లాకునే తోసిపుచ్చాయి. దాని మీద ఎన్ని పేర్చినా వాటి దృష్టిలో అవి లేనట్టే. చివరికి సరైన గొలుసు ముందుకు సాగింది. ఆ ఆరు బ్లాకులకు మైనర్లు పెట్టిన కరెంటు ఖర్చు, వాటిమీద రావలసిన ప్రతిఫలం రెండూ పోయాయి. తేలికపాటి వాలెట్లు వాడేవాళ్లు మామూలుకన్నా అదనంగా 30 బ్లాకులు ఆగాలని అప్పుడు హెచ్చరిక వెలువడింది. ఫుల్ నోడ్‌లో తాజా సాఫ్ట్‌వేర్ నడుపుతున్నవాళ్లకు ఆ హెచ్చరిక అవసరం రాలేదు.

బిట్‌కాయిన్‌కు కాపలా మైనర్లదేనని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఎక్కడుంది, దానికి హద్దులేమిటి, దాన్ని ఎందుకు కాపాడుకోవాలి అన్నవి గత పదిహేనేళ్ల అనుభవంతో, పరిశోధనతో పరిశీలించదగ్గ ప్రశ్నలు.

ఫుల్ నోడ్ చేసే పని

2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు నుంచి ఇవాళ్టి బ్లాకు దాకా చిట్టా మొత్తాన్ని తెచ్చుకుని, ఎవరి మాటా నమ్మకుండా తానే లెక్కలు సరిచూసే కంప్యూటరే ఫుల్ నోడ్. ప్రతి లావాదేవీలో అది కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. ఖర్చు పెడుతున్న నాణెం నిజంగా ఉందా? ఇంతకుముందే ఖర్చయిపోయిందా? సంతకం చెల్లుతుందా? వచ్చినదానికంటే ఎక్కువ బయటికి పోతోందా? తర్వాత బ్లాకును చూస్తుంది. కావలసినంత గణన జరిగిందా? పరిమాణం హద్దులో ఉందా? మైనర్ తనకు తాను రాసుకున్న ప్రతిఫలం నియమం ఒప్పుకున్నంతేనా? ఈ చివరి ప్రశ్నే మొత్తం నాణేలు 2.1 కోట్లు దాటకుండా చూస్తోంది. 50 నాణేలతో మొదలైన ప్రతిఫలం ప్రతి 2,10,000 బ్లాకులకూ సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది. ఎక్కువ రాసుకున్న బ్లాకును వేలాది నోడ్లు ఎవరికి వారు చెత్తబుట్టలో వేస్తాయి. ఆ హద్దు నిలబడడానికి కారణం అదే.

తేలికపాటి వాలెట్ ఇవేవీ చూడదు. ఒక్కో బ్లాకుకు 80 బైట్ల తలకట్టు మాత్రం తెచ్చుకుని, ఎక్కువ గణన జరిగిన గొలుసే సరైనదని అనుకుంటుంది. ఈ పద్ధతిని 2008 అక్టోబర్‌లో వెలువరించిన పత్రంలో సతోషి నకమోటోయే వివరించారు. గణన శక్తిలో దాడి చేసేవాడిది పైచేయి అయితే ఈ పద్ధతి మోసపోతుందని, తరచుగా చెల్లింపులు అందుకునే వ్యాపారాలు సొంత నోడ్లే నడుపుకోవడం మేలని కూడా అక్కడే రాశారు. చెల్లని బ్లాకు కనబడితే నోడ్లు తేలికపాటి వాలెట్లను హెచ్చరించే ఏర్పాటు గురించి ఆయన ప్రస్తావించారు గానీ, అది బిట్‌కాయిన్‌లో అమలుకు రాలేదు.

ఏ లావాదేవీ ముందు, ఏది వెనుక అన్నది తేల్చేది మైనర్లు. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది తేల్చేది ఫుల్ నోడ్లు. గణన శక్తిలో తొంభై శాతం ఒకరి చేతిలో ఉన్నా ఫుల్ నోడ్ నడిపేవాడి ముందు అతను చేయగలిగింది కొంతే. తన పాత చెల్లింపును వెనక్కి తీసుకోగలడు, ఇతరుల లావాదేవీలను ఆపగలడు. ఇతరుల నాణేలను సంతకం లేకుండా కాజేయలేడు, లేని నాణేలను పుట్టించలేడు. అందరూ తేలికపాటి వాలెట్లే వాడే నెట్‌వర్క్‌లో ఆ రెండో రకం మోసాలకు కూడా తలుపులు తెరుచుకుంటాయి.

చరిత్ర ఇచ్చిన సాక్ష్యం

2010 ఆగస్టు 15న 74638వ బ్లాకులో ఒక లావాదేవీ 18,446 కోట్ల బిట్‌కాయిన్లను గాలిలోంచి పుట్టించింది. మొత్తాన్ని కూడేటప్పుడు అంకె పరిమితి దాటిపోయే లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అందువల్ల నోడ్లన్నీ దాన్ని చెల్లుతుందనే అనుకున్నాయి. కొన్ని గంటల్లోనే సరిచేసిన వెర్షన్ వచ్చింది. నడిపేవాళ్లు దాన్ని ఎక్కించుకున్నారు. సరైన గొలుసు కొన్ని డజన్ల బ్లాకుల తర్వాత పైచేయి సాధించింది. నోడ్ పట్టుకోగలిగేది దాని కోడ్‌కు తెలిసిన తప్పునే. ఆ కోడ్ మార్చుకునే నిర్ణయం మాత్రం నడిపేవాళ్ల చేతిలో ఉంది. నెట్‌వర్క్ ఆ రోజు బతికింది ఆ నిర్ణయం వల్లే.

2013 మార్చి 11, 12 తేదీల్లో జరిగింది మరో రకం. కొత్తగా వచ్చిన 0.8 వెర్షన్ డేటాబేస్‌ను మార్చింది. పాత డేటాబేస్‌కు ఒక పరిమితి ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. 225430వ బ్లాకు ఆ పరిమితిని దాటింది. కొత్త వెర్షన్ ఒప్పుకుంది, పాతవి తోసిపుచ్చాయి, నెట్‌వర్క్ రెండుగా చీలింది. గణన శక్తిలో ఎక్కువ భాగం కొత్త వెర్షన్ వైపే ఉంది. ఎక్కువ శక్తి ఉన్నవాడిదే మాట అనుకుంటే పాత వెర్షన్ ఓడిపోవాలి. జరిగింది దానికి పూర్తిగా ఎదురు. వ్యాపారులు, వాడుకదారులు ఎక్కువగా పాత వెర్షన్లలోనే ఉన్నారని గుర్తించి, మైనర్లు కలిసి పనిచేసే పెద్ద పూల్‌లు డెవలపర్ల అభ్యర్థనపై వెనక్కి తగ్గాయి. అప్పటికే సంపాదించిన ఇరవైకి పైగా బ్లాకుల ప్రతిఫలాన్ని వదులుకున్నాయి. పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోని నాణేలతో చేసేదేముందన్న జ్ఞానమే వాళ్లను కదిలించింది.

2018 సెప్టెంబర్‌లో బయటపడిన లోపం ఇంతకంటే భయపెట్టేది. నోడ్లు ఎక్కువగా వాడే బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ 0.15 నుంచి 0.16.2 వరకు వెర్షన్లలో, ఒకే లావాదేవీలో ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చు చేసి కొత్త నాణేలు పుట్టించడానికి మైనర్‌కు దారి ఉండింది. వేగం పెంచడానికి ఒక తనిఖీని తీసివేయడమే కారణం. 2017లో బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ కోసం పనిచేసే, ఆవెమనీ అనే మారుపేరుతో రాసే డెవలపర్ దీన్ని గుర్తించి బాధ్యతగా తెలియజేశారు. బిట్‌కాయిన్‌లో ఎవరూ దాన్ని వాడుకోకముందే 0.16.3 వచ్చింది. అత్యధిక నోడ్లు ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడితే అందులోని తప్పు అందరి తప్పూ అవుతుందని ఈ ఘటన హెచ్చరించింది. రకరకాల సాఫ్ట్‌వేర్లు ఉంటే చాలు కదా అంటే, వాటి మధ్య వెంట్రుకవాసి తేడా కూడా 2013లోలా చీలికకు దారితీస్తుంది. ఈ రెండు ప్రమాదాల్లో ఏది పెద్దదన్న విషయంలో నిపుణుల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

పద్ధతి సరిగా పనిచేసిన రోజులు వార్తల్లోకి పెద్దగా రావు. 2023 సెప్టెంబర్‌లో అమెరికాకు చెందిన మారథాన్ అనే మైనింగ్ సంస్థ 809478వ బ్లాకులో లావాదేవీలను తప్పు వరసలో పెట్టింది. మార్కెట్లో నమోదైన పెద్ద కంపెనీ అని నోడ్లు మొహమాటపడలేదు. బ్లాకు చెల్లలేదు, 6.25 నాణేల ప్రతిఫలం దక్కలేదు, నెట్‌వర్క్ మరో బ్లాకుతో ముందుకు పోయింది.

2017: నియమాలు ఎవరివి?

బ్లాకు పరిమాణాన్ని పెంచాలా వద్దా అన్న వివాదం 2015 నుంచి 2017 దాకా సాగింది. ఫుల్ నోడ్ల రాజకీయ బలం బయటపడింది అప్పుడే. సెగ్‌విట్ అనే మార్పుకు మైనర్ల నుంచి 95 శాతం మద్దతు కావలసి ఉండగా, నెలలు గడిచినా అది సగానికి కూడా చేరలేదు. 2017 ఆగస్టు 1 తర్వాత సెగ్‌విట్‌కు మద్దతు తెలపని బ్లాకులను తమ నోడ్లు తోసిపుచ్చుతాయని వాడుకదారుల్లో ఒక వర్గం ప్రకటించింది. మరోవైపు మే 23న న్యూయార్క్‌లో 58 సంస్థలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. సెగ్‌విట్‌తో పాటు బ్లాకు పరిమాణాన్ని రెట్టింపు చేయడం దాని సారాంశం. గణన శక్తిలో 83 శాతం తమ వెంట ఉందని ఆ ఒప్పందం చెప్పుకుంది.

సెగ్‌విట్ ఆగస్టు 24న అమల్లోకి వచ్చింది. పరిమాణం రెట్టింపు చేసే రెండో భాగాన్ని తగినంత ఏకాభిప్రాయం లేదంటూ దాని నాయకులే నవంబర్ 8న విరమించుకున్నారు. పెద్ద బ్లాకులు కావాలనుకున్న మరో వర్గం ఆగస్టు 1నే విడిపోయి బిట్‌కాయిన్ క్యాష్ పేరుతో వేరే దారి చూసుకుంది.

ఈ ఫలితంలో నోడ్ల హెచ్చరిక పాత్ర ఎంత, మైనర్ల మధ్య జులైలో కుదిరిన సర్దుబాటు పాత్ర ఎంత అన్నది ఇంకా తెగని వాదన. ఆగస్టు 1 హెచ్చరిక చేసిన నోడ్లు సంఖ్యలో తక్కువేనని గుర్తుచేసేవాళ్లు సరిగానే చెబుతున్నారు. నవంబర్‌లో జరిగినదాన్ని మాత్రం మరోలా చెప్పడం కష్టం. అంత గణన శక్తి, అన్ని కంపెనీలు ఒక్కటైనా, తమ సొంత నోడ్లతో పాత నియమాలనే పాటిస్తామన్న వాడుకదారుల మీద కొత్త నియమాన్ని రుద్దలేకపోయాయి.

చుట్టూ గోడ కట్టే దాడులు

నోడ్ నిజాయితీగా లెక్క చూసినా, దానికి చేరే సమాచారమే వడకట్టినదైతే మోసపోవచ్చు. 2015లో ఈథన్ హైల్‌మన్, అలిసన్ కెండ్లర్, అవివ్ జోహార్, షారన్ గోల్డ్‌బర్గ్ ప్రచురించిన పరిశోధన ఈ దాడిని చేసి చూపించింది. అప్పట్లో నోడ్ తనంతట తాను ఎనిమిది నోడ్లతో కలిసేది. ఆ ఎనిమిదీ, బయటినుంచి వచ్చేవీ అన్నీ తన మనుషులవే అయ్యేలా దాడి చేసేవాడు చూసుకుంటే, ఆ నోడ్ మిగతా ప్రపంచానికి దూరమవుతుంది. 2017లో మరియా అపోస్తొలాకి, జోహార్, లారెంట్ వాన్‌బెవర్ ఇంటర్నెట్ మార్గాల స్థాయిలోనే ఈ దాడి ఎలా సాధ్యమో చూపించారు. వందకంటే తక్కువ మార్గ సమూహాలను హైజాక్ చేసినా గణన శక్తిలో దాదాపు సగాన్ని వేరు చేయవచ్చన్నది వాళ్ల లెక్క.

ఈ పరిశోధనలు వృథా కాలేదు. చిరునామాలను దాచుకునే తీరు మారింది. బ్లాకుల కోసమే మరో రెండు సంబంధాలు చేరాయి. ఒకే ఇంటర్నెట్ సంస్థ కిందకు నోడ్ సంబంధాలన్నీ చేరిపోకుండా చూసే ఏర్పాటు వచ్చింది. టార్ అనే గోప్య నెట్‌వర్క్ ద్వారా నడిచే నోడ్లు పెరిగాయి. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కంపెనీల తీగల మీద నడిచే నోడ్లు ఎన్ని ఉంటే ఈ గోడ కట్టడం అంత కష్టం. బయటివాళ్ల సంబంధాలను ఒప్పుకునే నోడ్ కొత్తగా చేరేవాళ్లకు చిట్టా అందిస్తుంది, తన పొరుగువాళ్లకు ఇంకో దారి చూపిస్తుంది. ఒకరు నడిపిన నోడ్ ఇతరులకు నేరుగా మేలు చేసేది ఇక్కడే.

గోప్యత కూడా దీనికి అనుబంధమే. పరాయి సర్వర్‌ను అడిగే వాలెట్ తన చిరునామాలేవో ఆ సర్వర్‌కు చెప్పేస్తుంది. ఎవరి దగ్గర ఎంత ఉందో తెలిసినవాడికి ఎవరిని బెదిరించాలో కూడా తెలుస్తుంది. సొంత నోడ్‌ను అడిగేవాడికి ఆ భయం లేదు.

అవతలి వాదన, దాని బలం

మైనింగ్ చేయని నోడ్లతో ప్రయోజనం లేదనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసేయకూడదు. నెట్‌వర్క్ పెరిగాక నోడ్లు నడిపే పని పెద్ద సర్వర్లున్న నిపుణులకు పోతుందని 2008 నవంబర్‌లో సతోషియే రాశారు. నోడ్ల సంఖ్యను నకిలీ చేయడం కూడా తేలికే. క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటే ఒక్క మనిషి వేల నోడ్లు నిలబెట్టగలడు. బిట్‌కాయిన్‌లో ఓటు నోడ్లకు కాకుండా గణనకు ఉండడానికి మూలకారణం ఇదే. గణన శక్తితో గొలుసును తిరగరాసే దాడిని కూడా నోడ్లు ఆపలేవు. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్, 2019 జనవరిలోనూ 2020 ఆగస్టులోనూ ఇథీరియం క్లాసిక్ అనే వేరే నెట్‌వర్క్‌లు ఇలాంటి దాడులకు గురయ్యాయి. తిరగరాసిన బ్లాకులన్నీ నియమాల ప్రకారం చెల్లేవే కాబట్టి నోడ్లు వాటి వెంటే నడిచాయి.

ఈ అభ్యంతరాలన్నీ నిజమే. అవి కొట్టేసేది నోడ్ల సంఖ్య మీద ఉన్న మోజును. నోడ్ల బలం సంఖ్యలో ఉందని అనుకోవడం పొరపాటు. బంగారం కొనేవాడి చేతిలో గీటురాయి ఉంటే అమ్మేవాడు ఇత్తడి తేవడానికే జంకుతాడు. ఆ రాయి ఏమీ కొననివాడి ఇంట్లో ఉంటే బజారుకు ఒరిగేదేమీ లేదు. నాణేలు పుచ్చుకుని సరుకో, డబ్బో ఇచ్చే ఎక్స్‌ఛేంజ్, వ్యాపారి, దాచుకునే మనిషి తమ నోడ్‌తో సరిచూశాకే ఒప్పుకుంటున్నారా అన్నదే అసలు కొలత. అలా సరిచూసేవాళ్లు ఎక్కువమంది ఉన్న చోట చెల్లని నాణేనికి కొనుగోలుదారు దొరకడు. అందుకే దాన్ని తయారుచేసే ప్రయత్నమే నష్టం తెస్తుంది.

పరాయి నోడ్ల మీద ఆధారపడితే

సొంత నోడ్ లేకుండా పరాయి నోడ్లను నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి 2020 నవంబర్ 11న ఇథీరియం అనే మరో నెట్‌వర్క్‌లో జరిగినదే ఉదాహరణ. ఇన్‌ఫ్యూరా అనే సంస్థ వేల అప్లికేషన్లకు తన నోడ్లను సేవగా అందిస్తోంది. మెటామాస్క్ వాలెట్ కూడా మామూలుగా దాన్నే అడుగుతుంది. ఆ సంస్థ పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ నడుపుతుండగా దానిలోని ఒక లోపం వల్ల ఆ నోడ్లు వేరే దారి పట్టాయి. ఇథీరియం నెట్‌వర్క్ నడుస్తూనే ఉంది. ఇన్‌ఫ్యూరా మీద ఆధారపడినవాళ్లకు మాత్రం ఆగిపోయినట్టు కనిపించింది. బైనాన్స్ లాంటి ఎక్స్‌ఛేంజీలు కొన్ని విత్‌డ్రాయల్స్ నిలిపేశాయి. వికేంద్రీకరణ అని చెప్పుకునే వ్యవస్థలో ఒక్క కంపెనీ పొరపాటు అంతమందికి తగిలింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 ప్రాంతంలో భూ రికార్డులను బ్లాక్‌చెయిన్‌లోకి తెచ్చే ప్రయత్నం మొదలైనప్పుడు కూడా, సరిచూసేది ఎవరన్న ప్రశ్న అడగాల్సింది. చిట్టా ప్రతులన్నీ ఒకే ప్రభుత్వ శాఖ సర్వర్లలో ఉండి, రైతు తరఫున విడిగా సరిచూసే ప్రతి బయట ఎక్కడా లేకపోతే, పేరు మారుతుందే తప్ప నమ్మవలసిన మనిషి మారడు. బ్లాక్‌చెయిన్ అన్న మాటకు విలువ వచ్చేది బయటివాళ్లు స్వతంత్రంగా సరిచూడగలిగినప్పుడే.

ఎక్స్‌ఛేంజ్ యాప్‌లోనే నాణేలు ఉంచుకున్నవాడికి నోడ్ వల్ల ఒరిగేది తక్కువ. అక్కడ కనిపించే బ్యాలెన్స్ ఆ కంపెనీ రాసుకున్న ఖాతా మాత్రమే. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆస్తులు దొంగల పాలైనప్పుడు మన దేశంలో లక్షలాది వాడుకదారులకు ఆ తేడా తెలిసొచ్చింది. నాణేల తాళంచెవి సొంతమైతేనే సొంత నోడ్‌కు అర్థం ఉంటుంది.

ఖర్చే కీలకం

ఇంతా చేసి నోడ్ నడపడం ఎంత కష్టం? బిట్‌కాయిన్ చిట్టా 600 గిగాబైట్లు దాటింది. పాత బ్లాకులను సరిచూశాక చెరిపేసే పద్ధతి వాడితే, ఆ బ్లాకుల కోసం 550 మెగాబైట్లు కేటాయించినా చాలు. తనిఖీలో రాజీ పడనక్కర లేదు. మొదటిసారి చిట్టా అంతా దించుకోవడానికి మాత్రం మంచి ఇంటర్నెట్, రోజుల తరబడి ఓపిక కావాలి. పాత కంప్యూటర్‌కు ఒక సాలిడ్ స్టేట్ డ్రైవ్ తగిలిస్తే సరిపోతుంది. బ్లాక్‌స్ట్రీమ్ సంస్థ 2017 నుంచి ఉపగ్రహాల ద్వారా కూడా బ్లాకులను ప్రసారం చేస్తోంది.

నోడ్ ఇలా సామాన్యుడికి అందుబాటులో ఉండడం యాదృచ్ఛికం కాదు. 2016లో కైల్ క్రోమన్ తదితరుల పరిశోధన, పది నిమిషాలకో బ్లాకు పద్ధతిలో 90 శాతం నోడ్లు వెనకబడకుండా ఉండాలంటే బ్లాకు నాలుగు మెగాబైట్లు దాటకూడదని అంచనా వేసింది. పరిమాణం పెంచితే లావాదేవీలు చవకవుతాయి, ఎక్కువమందికి చోటు దొరుకుతుంది. అది తోసిపారేయదగిన మేలు కాదు. దానికి చెల్లించే మూల్యం సరిచూసేవాళ్లు తగ్గిపోవడం. ఈ నష్టం మామూలు రోజుల్లో కంటికి కనిపించదు. 2015 జులై 4 లాంటి రోజు వచ్చినప్పుడే కనిపిస్తుంది. అప్పటికి తిరిగి సంపాదించుకోవడం కష్టం.

ఈ చరిత్ర అంతా చూశాక నాకు ఒక విషయంలో సందేహం లేదు. మైనింగ్‌కు పెట్టే కరెంటును ఎంత శ్రద్ధగా లెక్కిస్తున్నామో, ఒక సామాన్యుడు మొత్తం చిట్టాను సరిచూసుకోవడానికి అయ్యే ఖర్చునూ అంతే శ్రద్ధగా లెక్కించాలి. నెట్‌వర్క్‌లో ప్రతిపాదించే ప్రతి మార్పునూ ఆ ఖర్చు పెరుగుతుందా తగ్గుతుందా అన్న ప్రశ్నతో తూచాలి. అందరూ నోడ్ నడపనక్కర లేదు. క్రిప్టోలో చెల్లింపులు అందుకునే ప్రతి వ్యాపారి, ప్రతి ఎక్స్‌ఛేంజ్, తన పొదుపును సొంత తాళంచెవితో దాచుకునే ప్రతి మనిషి నడపాలి. మిగతావాళ్లకు కావాలనుకున్న రోజున నడపగలిగే స్తోమత ఉండాలి. ఆ స్తోమత పోయిన నెట్‌వర్క్ పేరుకు వికేంద్రీకృతమే అయినా, దాన్ని వాడేవాళ్లు మళ్లీ ఎవరో ఒకరి లెక్కను నమ్మి బతకవలసిందే.